అడ్మిట్లు చేతికొచ్చాక: ఏప్రిల్ 15 ఎవరి తేదీ, ఎంఎస్ కుటుంబాల అసలు గడువు ఏది?

అమెరికాలో పై చదువులకు అప్లై చేసిన పిల్లలున్న ఇళ్లలో ఏప్రిల్ 15 అనే తేదీ తరచూ వినిపిస్తుంది. ఆ రోజు దాకా ఏ యూనివర్సిటీకీ జవాబు చెప్పనక్కర్లేదని, అప్పటికి అన్ని ఫలితాలూ వచ్చేస్తాయని, వాటిని పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా ఎంచుకోవచ్చని చాలామంది నమ్మకం. పీహెచ్‌డీకి వెళ్లే వాళ్ల విషయంలో ఇది చాలావరకు నిజం. బ్యాంకు అప్పుతోనో ఇంట్లో డబ్బుతోనో ఎంఎస్‌కు వెళ్లే వాళ్లకు మాత్రం ఆ తేదీ ఇచ్చే రక్షణ ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే. వాళ్ల గడువును నిర్ణయించేది ఆగస్టులో క్లాసులు మొదలయ్యే రోజు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే వీసా, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), అప్పు మంజూరు ఒక్కొక్కటీ ఎప్పటికి పూర్తి కావాలో తేలుతుంది.

ఏప్రిల్ 15 వెనక ఉన్నది అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ చేసిన తీర్మానం. వందలాది యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకున్నాయి. స్కాలర్‌షిప్, ఫెలోషిప్, ట్రెయినీషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పి తీరాలని విద్యార్థి మీద ఒత్తిడి తేకూడదన్నది దాని సారం. తీర్మానం మాట్లాడేది డబ్బు ఆఫర్ గురించే. సీటు మాత్రమే ఇచ్చి, ఖర్చంతా విద్యార్థే పెట్టుకోవాల్సిన అడ్మిట్‌కు అది వర్తించదు. అందుకే ఒక ఎంఎస్ ప్రోగ్రాం మార్చి మొదటి వారంలోనే డిపాజిట్ కట్టమని అడిగితే అది ఏ నియమాన్నీ మీరినట్టు కాదు. పీహెచ్‌డీ ఆఫర్ ఇచ్చిన డిపార్ట్‌మెంట్ మార్చి 10కల్లా తేల్చమంటే మాత్రం, ఆ యూనివర్సిటీ పేరు కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకుని, తీర్మానాన్ని గుర్తుచేస్తూ మర్యాదగా గడువు అడగవచ్చు. అలా అడిగినందుకు ఆఫర్ పోతుందని భయపడనక్కర్లేదు.

మౌనానికి అర్థాలు

అప్లికేషన్ రెండు గుమ్మాలు దాటాలి. మొదటిది డిపార్ట్‌మెంట్ కమిటీ. అక్కడి ప్రొఫెసర్లు ఫైళ్లు చదివి, కావలసిన వాళ్లను సిఫారసు చేస్తారు. రెండోది గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫీసు. అది ట్రాన్‌స్క్రిప్టులు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, డిగ్రీ గుర్తింపు సరిచూసి అధికారిక ఉత్తరం పంపుతుంది. ఈ రెండింటి మధ్య కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు. 'మిమ్మల్ని సిఫారసు చేశాం, అభినందనలు' అని ప్రొఫెసర్ రాసిన మెయిల్ శుభవార్తే. కానీ దాని మీద ఐ-20 రాదు, బ్యాంకు అప్పు ఇవ్వదు. పోర్టల్‌లో అధికారిక లెటర్ కనిపించే వరకు మిగతా అవకాశాలు వదులుకోకూడదు.

పీహెచ్‌డీ ప్రోగ్రాముల్లో డిసెంబరు గడువుకు వచ్చిన అప్లికేషన్లకు మొదటి విడత ఆఫర్లు జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్తాయి. మార్చిలో క్యాంపస్ చూపించే రోజులు ఉంటాయి. ఆఫర్లు అందుకున్న వాళ్లు ఒక్కొక్కరే వద్దని చెప్పే కొద్దీ వెయిట్‌లిస్టు కదులుతుంది. ఆ కదలిక ఏప్రిల్ మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ. తిరస్కరణలు మాత్రం ఆలస్యంగా వస్తాయి, కొన్ని చోట్ల ఏప్రిల్ 15 దాటాక గానీ రావు. కాబట్టి మార్చి మధ్య దాకా ఏమీ రాలేదంటే, మొదటి విడతలో పేరు లేకపోవచ్చు గానీ ఫైలు పక్కన పడేయలేదని కూడా అర్థం కావచ్చు. పేరు చెప్పని వెయిట్‌లిస్టులో ఉంచడం చాలా డిపార్ట్‌మెంట్లకు అలవాటు. అప్పుడు రెండే వాక్యాల మెయిల్ చాలు: ఈ ప్రోగ్రాం మీద ఆసక్తి అలాగే ఉంది, నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందో చెప్పగలరా అని. ఈ మధ్య పేపర్ ఏదైనా అచ్చయినా, ఆఖరి సెమిస్టర్ మార్కులు వచ్చినా జతచేయాలి. వారానికో మెయిల్ పెడితే మేలు జరగదు.

ఎంఎస్ అప్లికేషన్లను చాలా చోట్ల వచ్చినవి వచ్చినట్టే చూస్తారు. అక్కడ నెలల తరబడి మౌనంగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఫైలు పూర్తయిందా లేదా అన్నదే. మన విద్యార్థుల ఫైళ్లు ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉంటుంది. ఇంజనీరింగ్ మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై పోతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి వేరు, గివెన్ నేమ్ గడి వేరు. జీఆర్ఈకి ఒక రకంగా, అప్లికేషన్‌లో ఇంకో రకంగా రాస్తే స్కోరు యూనివర్సిటీకి చేరినా ఫైలులో కలవదు. పోర్టల్ 'స్కోరు అందలేదు' అనే చూపిస్తూ ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ల వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని పడుతుంది. ఆ మూడక్షరాలు తర్వాత బ్యాంకు ఖాతాలోకి, డ్రైవింగ్ లైసెన్సులోకి కూడా వచ్చి చేరతాయి. పాస్‌పోర్టు సరిచేయించుకునేందుకు ఈ ఎదురుచూపు నెలలే మంచి సమయం. అయితే ఐ-20కి పాస్‌పోర్టు ప్రతి పంపకముందే ఆ పని అయిపోవాలి.

రెండో అడ్డంకి సిఫారసు ఉత్తరం. మూడింటిలో రెండు అప్‌లోడ్ అయి, మూడోదాని లింకు హెచ్‌ఓడీ గారి స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది. మూడోది ట్రాన్‌స్క్రిప్టుల మూల్యాంకనం. కొన్ని యూనివర్సిటీలు డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థల నివేదిక అడుగుతాయి. దానికి ట్రాన్‌స్క్రిప్టులు విద్యార్థి చేతి నుంచి కాకుండా ఇక్కడి యూనివర్సిటీ నుంచే వెళ్లాలి. పరీక్షల విభాగం చుట్టూ తిరగడానికి పట్టే రోజులను ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ నెలల్లో గ్రూపుల్లో తిరిగే 'నాకు జీపీఏ 8.2, జీఆర్ఈ 318, ఇక్కడ అడ్మిట్ వచ్చింది' అన్న పోలికలు మాత్రం నిర్ణయానికి పనికిరావు. వచ్చినవాళ్లు చెప్పుకుంటారు, రానివాళ్లు చెప్పుకోరు. పైగా ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కూ, పక్క బిల్డింగులోని డేటా సైన్స్‌కూ కమిటీలు వేరు, సీట్లు వేరు.

పీహెచ్‌డీ లెటర్‌లో ఏం వెతకాలి

మంచి పీహెచ్‌డీ ఆఫర్ అంటే ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా. ఈ మూడూ లెటర్‌లో ఉన్నాయని చూసి ఆగిపోతే సరిపోదు. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిది నెలలకే అయితే వేసవి మూడు నెలలు ఎలా గడుస్తాయో ఆ డిపార్ట్‌మెంట్ విద్యార్థుల్ని అడగాలి. ట్యూషన్ మాఫీ ఉన్నా 'ఫీజులు' అనే పేరుతో ప్రతి సెమిస్టర్‌కూ కొన్ని వందల నుంచి వెయ్యి డాలర్లు దాటి కట్టించుకునే చోట్లున్నాయి. బీమా ప్రీమియం మొత్తం యూనివర్సిటీ కడుతుందా, సగమేనా? సాయం ఎన్నేళ్లకు? 'నాలుగేళ్లకు హామీ' అని రాయడం, 'నిధులు ఉంటే కొనసాగిస్తాం' అని రాయడం రెండూ ఒకటి కావు.

టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అయితే వారానికి ఎన్ని గంటలో చూడాలి. యాభై శాతం నియామకం అంటే వారానికి 20 గంటలు. క్లాసులు జరిగే రోజుల్లో విద్యార్థి వీసా ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు క్యాంపస్‌లో చేయగలిగిన పని కూడా అంతే, కాబట్టి దాని మీద ఇంకో పని చేసి సంపాదించే వీలుండదు. టీఏ పనికి ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షలో ప్రత్యేకంగా ఇంత స్కోరు ఉండాలన్న షరతు చాలా చోట్ల ఉంటుంది. అడ్మిట్‌కు సరిపోయిన స్కోరు టీఏకు సరిపోకపోవచ్చు. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అయితే ఆ డబ్బు ప్రొఫెసర్ గ్రాంటుదా, డిపార్ట్‌మెంట్‌దా? గ్రాంటు అయితే అది ఎప్పుడు ముగుస్తుంది? ప్రొఫెసర్ వేరే యూనివర్సిటీకి మారితే ఏమవుతుంది? ఇవి అడగడం మర్యాద తప్పడం కాదు. గ్రాంటు గడువు గురించి సూటిగా చెప్పని ప్రొఫెసర్ దగ్గర ఐదేళ్లు గడపడం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఈ ప్రశ్నల బరువు 2025లో ఇంకా పెరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరి 7న అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్, పరిశోధన గ్రాంట్లలో పరోక్ష ఖర్చులకు (భవనాలు, ఆఫీసు నిర్వహణ లాంటివి) ఇచ్చే వాటాను 15 శాతానికి కుదిస్తామని ప్రకటించింది. ఆ నిర్ణయాన్ని కోర్టులు ఆపినా, నిధులు ఉంటాయో పోతాయో తెలియక చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అయితే అప్పటికే ఇచ్చిన ఆఫర్లను కూడా వెనక్కి తీసుకుంది. అందుకే బయోమెడికల్ రంగంలో ఆఫర్లు తూచేవాళ్లు స్టైపెండ్ అంకె కంటే ముందు ఆ డబ్బు ఏ ఖాతాలోంచి వస్తోందో చూడాలి.

స్టైపెండ్లను పోల్చేటప్పుడు ఊరి అద్దెను తీసేసి పోల్చాలి. ఏడాదికి 42,000 డాలర్లు ఇచ్చే తీరప్రాంత నగరంలో గది అద్దె నెలకు 1,600 డాలర్లయితే మిగిలేది 22,800. 32,000 డాలర్లు ఇచ్చే చిన్న యూనివర్సిటీ ఊళ్లో అద్దె 600 అయితే మిగిలేది 24,800. పన్ను విషయంలో మన విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది: భారత్–అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద, ఆదాయపు పన్ను లెక్కకు నాన్‌రెసిడెంట్‌గా ఉన్న భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. మిగతా చాలా దేశాల విద్యార్థులకు ఆ అవకాశం లేదు. ఎఫ్-1 వాళ్లకు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా ఉండవు.

ఎంఎస్ అడ్మిట్ల అసలు ధర

ఎంఎస్ విషయంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది స్కాలర్‌షిప్ లెటర్ దగ్గర. 'ఏడాదికి 5,000 డాలర్లు' అన్న మాట చూడగానే ఇంట్లో అందరి మనసూ ఆ కాలేజీ వైపు మొగ్గుతుంది. స్కాలర్‌షిప్ ఎంత తగ్గించిందన్నది కాదు, డిగ్రీ పట్టా చేతికి వచ్చేసరికి మొత్తం ఎంత ఖర్చయిందన్నదే పోల్చాలి.

రెండు ఊహా అడ్మిట్లు తీసుకుందాం. మొదటిదానిలో డిగ్రీకి 33 క్రెడిట్లు, క్రెడిట్‌కు 1,500 డాలర్లు. ట్యూషనే 49,500. నగరం ఖరీదైనది, ఇల్లూ తిండీ కలిపి నెలకు 1,700 చొప్పున 16 నెలలకు 27,200. బీమా, ఇతర ఫీజులు 6,000. మొత్తం 82,700. స్కాలర్‌షిప్ ఏడాదికి 5,000 అయినా, చదువు మూడు సెమిస్టర్లలో అయిపోతుంది కాబట్టి వచ్చేది 7,500. నికరంగా 75,200 డాలర్లు. రెండోదానిలో 30 క్రెడిట్లు, ఒక్కోటి 900 డాలర్లు, ట్యూషన్ 27,000. చిన్న ఊరు, నెలకు 1,100 చొప్పున 20 నెలలకు 22,000. బీమా, ఫీజులు 6,500. స్కాలర్‌షిప్ ఏమీ లేదు. మొత్తం 55,500. తేడా 19,700 డాలర్లు. లెక్క కోసం డాలరు 90 రూపాయలనుకుంటే 17 లక్షల 73 వేలు. స్కాలర్‌షిప్ ఇవ్వని కాలేజీయే అంత చవక.

ఇక్కడే ఇంకో పొరపాటు. ఐ-20 మీద అచ్చయ్యే అంకెను మొత్తం చదువు ఖర్చనుకుంటారు. అది మామూలుగా ఒక్క విద్యా సంవత్సరానిదే. దాన్ని రెండుతో గుణించినా తప్పే, ఎందుకంటే రెండో ఏడు క్రెడిట్లు తక్కువ ఉండొచ్చు, వేసవి నెలల జీవన ఖర్చు అందులో ఉండకపోవచ్చు. క్రెడిట్ల సంఖ్యతో, నెలల సంఖ్యతో లెక్క వేయడమే సరైన దారి. రూపాయి పడిపోవడానికీ కొంత వదలాలి. డబ్బు పంపడం మొదలుపెట్టకముందే డాలరు 90 నుంచి 94కు వెళ్తే, 55,500 డాలర్ల చదువు మీద పడే అదనపు భారం 2 లక్షల 22 వేల రూపాయలు.

ఎంఎస్‌కు వెళ్లాక టీఏ దొరుకుతుందిలే అన్న భరోసా మీద లెక్క నిలబెట్టడం ప్రమాదం. టీఏ పనులు ముందుగా పీహెచ్‌డీ విద్యార్థులకు పోతాయి. మిగిలినవి గ్రేడింగ్ లాంటి గంటల లెక్కన ఇచ్చే పనులు. వాటికి ట్యూషన్ మాఫీ ఉండదు.

అప్పు, ఆస్తి పత్రాలు

రూ.40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుందాం. ఆరు నెలలకోసారి పది లక్షల చొప్పున నాలుగు విడతల్లో బ్యాంకు పంపుతుంది. మొదటి విడత నుంచి రెండున్నరేళ్లకు వాయిదాలు మొదలవుతాయి. అప్పటికి సాధారణ వడ్డీయే రూ.7.7 లక్షలు పేరుకుంటుంది. అసలు రూ.47.7 లక్షలై, పదేళ్లకు నెలవారీ వాయిదా దాదాపు రూ.65,700 అవుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే అదే వాయిదా రూ.55,100. నెలకు పదివేల పైచిలుకు తేడా. ఇంటికి తిరిగొచ్చి హైదరాబాద్‌లో నెలకు రూ.60 వేల ఉద్యోగంలో చేరితే ఈ వాయిదా జీతాన్ని మించిపోతుంది. అప్పు ఎంత తీసుకోవచ్చో తేల్చేటప్పుడు అక్కడి జీతంతో పాటు ఈ లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి.

ప్రభుత్వ బ్యాంకుల్లో రూ.7.5 లక్షలు దాటిన విద్యా రుణాలకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతారు. ఆలస్యం ఇక్కడే మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజు ఒక్కటే చాలదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆస్తి పన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్ కాపీ అడుగుతారు. బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్ రాస్తాడు, ఇంజనీరు విలువ కడతాడు. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తాకట్టుకు తీసుకోవు. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు అయితే ఫైలు అక్కడే ఆగిపోతుంది. తాతగారి పేరు మీదే ఇల్లు ఉండి వారసత్వం మార్పించుకోని కుటుంబాలు మే నెలలో పరుగులు తీస్తుంటాయి. అడ్మిట్ కోసం చూసే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు ఒకచోట పెట్టుకుంటే నెలరోజులు కలిసొస్తాయి. తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలు త్వరగా మంజూరు చేస్తాయి గానీ వడ్డీ ఎక్కువ. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కొంత కట్టాలనే షరతు కూడా ఉండొచ్చు.

విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను టీసీఎస్ 2025 ఏప్రిల్ 1 నుంచి మారింది. గుర్తింపు పొందిన బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యా రుణం నుంచి పంపితే టీసీఎస్ లేదు. సొంత డబ్బు అయితే ఏడాదికి రూ.10 లక్షలు దాటిన మొత్తం మీదే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు రుణం మీద కట్టే వడ్డీ మొత్తానికి ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యా నిధి పథకాలు రూ.20 లక్షల వరకు సాయం ఇస్తాయి. ఆ డబ్బు అక్కడ దిగి, ఆ దేశంలో ప్రవేశించినట్టు రుజువు పత్రం పంపాక విడతలుగా వస్తుంది. అందువల్ల ఐ-20కి చూపే నిధుల్లో, మొదటి సెమిస్టర్ ఫీజులో దాని మీద ఆధారపడకూడదు. అది ఆలస్యమైనా చదువు సాగేలా మరో దారి ఉండాలి.

ఐ-20 నుంచి వీసా దాకా

ఎఫ్-1 మీద మొదటిసారి వెళ్లేవాళ్లు ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టకూడదు. క్లాసులు ఆగస్టు మూడో వారంలో అయితే జూలై ఆఖరులో ప్రయాణం. ఒకసారి 214(బి) కింద, అంటే చదువయ్యాక తిరిగి వస్తారన్న నమ్మకం కుదరలేదని వీసా నిరాకరిస్తే మళ్లీ ఫీజు కట్టి, ఇంకో స్లాటు పట్టుకోవడానికి వ్యవధి ఉండాలి. అంటే మొదటి ఇంటర్వ్యూ మే లేదా జూన్ మొదట్లో పడేలా చూసుకోవాలి. ఐ-20 రావడానికి పత్రాలన్నీ ఇచ్చాక ఒకటి నుంచి మూడు, నాలుగు వారాలు. ఈ లెక్కన ఏ యూనివర్సిటీయో ఏప్రిల్ మధ్యకల్లా తేలాలి, నిధుల రుజువు అప్పటికి చేతిలో ఉండాలి. చూస్తే తేదీ దాదాపు ఏప్రిల్ 15 దగ్గరికే వచ్చింది. కారణం మాత్రం పూర్తిగా వేరు.

2025లో మే 27న అమెరికా విదేశాంగ శాఖ విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేసి, జూన్ 18న మళ్లీ మొదలుపెట్టింది. మే నెలాఖరు దాకా యూనివర్సిటీ తేల్చుకోని వాళ్లకు ఆ మూడు వారాలే గండం అయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరు నుంచి వీసా ఇంటర్వ్యూకు సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో అప్లై చేయాలని చెప్పారు. హైదరాబాద్‌లో స్లాటు లేకపోతే దుబాయ్ వెళ్లి చూద్దాం అన్న పాత దారి అలా మూసుకుపోయింది.

రెండు మూడు యూనివర్సిటీల ఐ-20లు తెప్పించుకోవడం తప్పేమీ కాదు. ఇంటర్వ్యూకు మాత్రం ఒకే ఐ-20 పట్టుకెళ్లాలి. దాని మీదున్న సెవిస్ నంబరే (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ రికార్డు నంబరు) వీసా దరఖాస్తు డీఎస్-160లో ఉండాలి. సెవిస్ ఫీజు 350 డాలర్లు ఒక నంబరు మీద కట్టాక ఇంటర్వ్యూకు ముందు మనసు మారితే, కొత్త నంబరుకు మార్చమని అడిగే వీలుంది. వీసా వచ్చాక మారితే చిక్కు పెద్దది. మొదటిసారి ప్రవేశించేటప్పుడు వీసా మీద ఏ స్కూల్ ఉందో దానికే వెళ్లాలి. 'వెళ్లాక ఒక సెమిస్టర్ తర్వాత ట్రాన్స్‌ఫర్ అవుదాం' అన్న ఆలోచన కూడా గట్టి నేల మీద లేదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ప్రతిపాదించిన నిబంధనల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థుల ప్రోగ్రాం మార్పుల మీద కట్టడి కూడా ఉంది. చదవాలనుకున్న చోటికే మొదట వెళ్లడం మేలు.

కన్సల్టెన్సీ తయారుచేసి ఇచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లు, దొంగ లోన్ లెటర్ల జోలికి వెళ్తే వచ్చే నష్టం ఒక ఏడాదితో పోదు. తప్పుడు పత్రంతో వీసా కోరినట్టు తేలితే అమెరికా వలస చట్టం కింద శాశ్వత నిషేధం పడుతుంది. ఉచితంగా అప్లై చేయించే కన్సల్టెన్సీకి ఎవరు డబ్బిస్తున్నారో అడగడం కూడా అవసరమే. తనకు కమిషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లనే అది ముందు పెడుతుంది.

డిగ్రీ పేరు వెనక కోడ్

ఒకే పేరున్న రెండు డిగ్రీలు ఉద్యోగ హక్కులో వేరు కావచ్చు. ఎఫ్-1 విద్యార్థికి చదువు అయ్యాక 12 నెలల ఓపీటీ, అంటే తన చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంటుంది. డిగ్రీ ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో చెప్పే సీఐపీ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. బిజినెస్ అనలిటిక్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ లాంటి కోర్సులను ఒక యూనివర్సిటీ స్టెమ్ కోడ్ కింద, మరొకటి మేనేజ్‌మెంట్ కోడ్ కింద నడపొచ్చు. డిపాజిట్ కట్టకముందే ఆ కోడ్ అంకెలు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఓపీటీ మొదటి ఏడాదిలో నిరుద్యోగంగా ఉండగలిగింది 90 రోజులే, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. స్టెమ్ పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి. 2025 సెప్టెంబరులో కొన్ని కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, అప్పు తీర్చే లెక్కను హెచ్-1బీ మీద కట్టడం ఇంకా కష్టం. ఓపీటీ మూడేళ్లలో ఎంత తీరుతుందన్న ప్రశ్న దగ్గరే లెక్క ఆపాలి.

మొదటి రోజు నుంచే బయట పని చేసుకోవచ్చని ఆశపెట్టే చోట్ల మరింత జాగ్రత్త కావాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు అందులో ఎక్కువమంది భారతీయులే, వాళ్లలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు చాలామంది. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు కట్టారు. 2019 జనవరిలో మిచిగాన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కేసులో మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. ఆ యూనివర్సిటీని ఎరగా పెట్టి నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే. ఐ-20 ఇచ్చే అనుమతి ఉన్నంత మాత్రాన అది చదువు చెప్పే చోటని నమ్మకూడదని ఈ రెండు కేసులూ చెబుతాయి. క్లాసుల టైంటేబుల్, అధ్యాపకుల పేర్లు, ప్రాంతీయ గుర్తింపు సంస్థ జాబితాలో పేరు, ఇప్పుడు చదువుతున్న ఇద్దరు విద్యార్థులతో ఫోన్‌లో మాట. ఈ నాలుగూ సరిచూసుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

అవును, కాదు అని చెప్పే పద్ధతి

పోర్టల్‌లో 'అంగీకరిస్తున్నాను' నొక్కడం, డిపాజిట్ కట్టడం వేరు వేరు. చాలా చోట్ల మొదటిదానికి ఖర్చు ఉండదు. డిపాజిట్ మాత్రం తిరిగి రాదు. గడువుకు ఐదారు రోజుల ముందు, అప్పు మంజూరు ఇంకా రాలేదని కారణం చెప్పి రెండు వారాలు అడిగితే చాలా ఎంఎస్ ఆఫీసులు ఒప్పుకుంటాయి. గడువు దాటాక అడిగితే వినరు. సెమిస్టర్ వాయిదా వేసుకునే ఆలోచన ఉంటే సీటుతో పాటు స్కాలర్‌షిప్ కూడా వాయిదా పడుతుందేమో రాతలో తీసుకోవాలి. సాధారణంగా సీటే జరుగుతుంది, డబ్బు జరగదు.

ఆఖరి సెమిస్టర్ ఫలితాలు జూలైలో వచ్చే కాలేజీల వాళ్లు ఇంకో సంగతి ఇప్పుడే అడగాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో ఏ తేదీలోగా అందాలి, అందకపోతే రిజిస్ట్రేషన్ ఆపేస్తారా అని. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలి ఉన్నా అడ్మిట్ షరతు నెరవేరనట్టే.

వద్దనుకున్న యూనివర్సిటీలకు అనుకున్న వారంలోనే పోర్టల్‌లో చెప్పేయాలి. కారణాలు రాయనక్కర్లేదు. ఫండింగ్ ఉన్న సీటైతే అదే రోజు వెయిట్‌లిస్టులో మరొకరికి వెళ్తుంది. ఏప్రిల్ 15 దాకా ఆగాల్సి వచ్చినవాళ్లు గంటలు కూడా చూసుకోవాలి. గడువు అమెరికా తూర్పు కాలమానంలో సాయంత్రం ఐదు గంటలని లెటర్‌లో ఉంటే, మనకు అది ఏప్రిల్ 16 తెల్లవారుజామున రెండున్నర.